మాటిమాటికీ ఆగిపోయే పాత చైన్ సా: స్క్రూడ్రైవర్ పట్టే ముందు చూడాల్సినవి

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం, జీడి, కొబ్బరి తోటలు. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను వచ్చి తోటలకి తోటలు పడుకోబెట్టేసినప్పుడు మా ఊళ్లోకి చెట్లు కోసే మిషన్లు చాలా వచ్చాయి, కొన్ని అద్దెకి, కొన్ని జనాలే కొనుక్కున్నారు, పని అయిపోయాక ట్యాంకులో పెట్రోల్ ఉండగానే అవి అటకెక్కేశాయి. ఇప్పుడు అలాంటివే చేతులు మారుతున్నాయి. నేను కొన్నది కూడా ఆ బాపతే, 58 సీసీ చైనా మోడల్ చైన్ సా, 3,500 ఇచ్చాను. అమ్మినాయన నా ముందే స్టార్ట్ చేసి చూపించాడు, రెండో లాగుడికే పట్టింది, రేసు కూడా బాగానే ఇచ్చింది. ఇంటికి తెచ్చి ఎండిపోయిన జీడి మాను మీద పెడితే పది నిమిషాలు కోసి ఆగిపోయింది. ఎన్నిసార్లు తాడు లాగినా పట్టలేదు, పావుగంట వదిలేస్తే మాత్రం ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అయ్యింది, మళ్లీ పది నిమిషాలకి ఆగిపోయింది.

ముగ్గుర్ని అడిగితే ముగ్గురూ మూడు చెప్పారు. ఒకాయన కార్బరేటర్ మార్చెయ్యమన్నాడు, ఇంకొకాయన కాయిల్ (ప్లగ్గుకి స్పార్క్ ఇచ్చేది) వేడెక్కితే పోతోంది అన్నాడు, మా బావ అయితే పిస్టన్ అరిగిపోయుంటుంది, దాని మీద డబ్బులు పెట్టకు అన్నాడు. మూడూ నిజంగా వచ్చే జబ్బులే, ఎవరూ తప్పు చెప్పలేదు, చిక్కంతా అక్కడే ఉంది. చైన్ సాకి ఏ రోగం వచ్చినా చివరికి అది చేసేది ఒక్కటే, ఆగిపోవడం. కాబట్టి "ఆగిపోతోంది" అనే మాటతో ఏ మెకానిక్కూ ఏమీ తేల్చలేడు. ఎప్పుడు ఆగుతోందో చూడాలి: స్టార్ట్ చేసిన ఎంతసేపటికి, స్లోలోనా రేసులోనా, మిషన్ నిలువుగా పట్టుకున్నప్పుడా పక్కకి తిప్పినప్పుడా, ఆగాక వెంటనే పడుతోందా చల్లారాకనా, ఈ నాలుగు గమనిస్తే సగం పని అక్కడే అయిపోతుంది. దీన్ని నేను ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే చాలామంది ఇవేవీ చూడకుండా ముందు కార్బరేటర్ స్క్రూలు తిప్పేస్తారు, దాంతో అసలు జబ్బు దాక్కుంటుంది, ఒక్కోసారి పిస్టన్ బిగుసుకుపోయి ఇంజనే సీజ్ అయిపోతుంది.

ముందు ఈ మిషన్‌కి పెట్రోల్ ఎలా వెళ్తుందో ఒకసారి చూద్దాం, ఇది తెలిస్తే మిగతాదంతా తేలిక. బైక్ కార్బరేటర్‌లో చిన్న గిన్నె ఉంటుంది, దాంట్లో ఫ్లోట్ తేలుతూ ఉంటుంది, పెట్రోల్ ట్యాంకు పైనుంచి దానంతటదే కిందకి దిగుతుంది. చైన్ సా అలా ఉంటే కుదరదు, ఎందుకంటే దీన్ని పక్కకి పెట్టి కోస్తాం, తలకిందులు చేసి కొమ్మ కింద నుంచి కోస్తాం, గిన్నె ఉంటే ఒలికిపోతుంది. అందుకే దీంట్లో ఫ్లోట్ బదులు సన్నటి రబ్బరు పొరలు ఉంటాయి, డయాఫ్రమ్ అంటాం, కార్బరేటర్‌కి ఒక పక్క ఒకటి, రెండో పక్క ఇంకొకటి. మొదటిది పంపు. పిస్టన్ పైకీ కిందకీ ఆడినప్పుడల్లా క్రాంక్ కేసులో (పిస్టన్ కింద ఉండే గదిలో) గాలి లాగుడు, తోపుడు పుడుతుంది, ఆ ఊపు ఒక సన్నటి దారిగుండా వచ్చి ఈ పొరని ఆడిస్తుంది, అది ట్యాంకులోంచి పెట్రోల్ గుంజుతుంది. రెండో పొర కొలిచేది, ఇంజన్ ఎంత పీల్చుకుంటే అంతే నీడిల్ (పెట్రోల్ దారిని మూసే సూది) తెరిచి వదుల్తుంది. ఫుల్ రేసులో ఇంజన్ నిమిషానికి 10 వేల చుట్లు దాటి తిరుగుతుంటే ఈ రెండు పొరలూ ఆ స్పీడుకి తగ్గట్టు పనిచెయ్యాలి. అంటే ఈ మిషన్‌లో పెట్రోల్ పంపుని నడిపేది కూడా ఇంజన్ ఊపిరే, ఎక్కడ గాలి లీకైనా, ఎక్కడ పొర గట్టిపడినా పెట్రోల్ తగ్గిపోతుంది. ట్యాంకు నిండా ఉన్నా సరే.

ఇప్పుడు ఆ ట్యాంకులో ఏముంది అనేది చూడాలి. పాత మిషన్ కొంటే అందులో ఉన్న పెట్రోల్ మారు మాట్లాడకుండా పారబోసెయ్యండి (డ్రైనేజీలో కాదు, సీసాలో పట్టి మెకానిక్‌కి ఇచ్చేస్తే పార్టులు కడుక్కుంటాడు). ఇది టూ స్ట్రోక్ ఇంజన్, 2టీ ఆయిల్ పెట్రోల్‌లోనే కలిపి పోస్తాం, అలా ఆయిల్ కలిపిన పెట్రోల్ నెల దాటితే నమ్మకూడదు. పైగా ఇప్పుడు ఇథనాల్ సంగతి ఉంది, 20 శాతం ఇథనాల్ పెట్రోల్ 2023 ఫిబ్రవరిలో కొన్ని బంకుల్లో మొదలైంది, 2030కి అనుకున్న టార్గెట్‌ని 2025కి ముందుకి జరిపారు, కాబట్టి ఇవాళ మామూలు బంకులో పట్టించుకునేది అదే అనుకోవాలి. ఇథనాల్ గాలిలో తేమని లాక్కుంటుంది. మాలాంటి సముద్రం పక్క ఊళ్లలో వానాకాలం మూడు నెలలు ట్యాంకు సగం నింపి వదిలేస్తే నీళ్లు, ఇథనాల్ కలిసి అడుక్కి దిగిపోతాయి, 2టీ ఆయిల్ మాత్రం పైన పెట్రోల్‌తోనే ఉండిపోతుంది. ఫిల్టర్ ఉండేది అడుగునే కదా, అంటే ఇంజన్ ముందుగా తాగేది ఆయిల్ లేని నీళ్ల మడ్డి. చేతితో స్క్రూ తిప్పే కార్బరేటర్ ఉన్న మిషన్లకి 10 శాతం దాటిన ఇథనాల్ పడదని స్టిల్ (Stihl) లాంటి పెద్ద చైన్ సా కంపెనీల బుక్కుల్లోనే రాసుంటుంది. మనకి వేరే దారి లేదు కాబట్టి చెయ్యగలిగింది ఒక్కటే, వారానికి సరిపడా మాత్రమే కలుపుకోవడం, పని అయ్యాక ట్యాంకు ఖాళీ చేసి, మిగిలింది అయిపోయి దానంతటదే ఆగేదాకా నడిపి పక్కన పెట్టడం.

ఆయిల్ కొలత దగ్గర కూడా చాలా గందరగోళం ఉంది. 25:1 అంటే లీటరుకి 40 మిల్లీ, 50:1 అంటే లీటరుకి 20 మిల్లీ. చైనా 58 సీసీ మోడల్స్‌కి ఎక్కువగా 25:1 అనే రాసుంటుంది, స్టిల్ లాంటి పెద్ద కంపెనీల వాళ్లు వాళ్ల సొంత ఆయిల్‌తో 50:1 చెప్తారు. మీ బుక్కులో ఏముంటే అది పొయ్యండి, తైవాన్ స్ప్రేయర్‌కి (తోటకి మందు కొట్టే మిషన్‌కి) పోసే అలవాటుతో అందాజాగా పొయ్యొద్దు. డబ్బా మీద జాసో ఎఫ్‌డి (JASO FD, టూ స్ట్రోక్ ఆయిల్‌కి జపాన్ వాళ్ల గ్రేడు) అని ఉన్న ఆయిల్ అయితే మేలు. "కొంచెం ఎక్కువ పోస్తే మంచిదేగా" అనేవాళ్లు ఉన్నారు, ఎక్కువైతే ప్లగ్గు తడిసిపోతుంది, సైలెన్సర్‌లో మసి పేరుకుంటుంది, అప్పుడు కూడా మిషన్ ఆగిపోతుంది.

సరే, మళ్లీ నా మిషన్ దగ్గరకి వద్దాం. పది నిమిషాలకి ఆగడం, పావుగంటకి పట్టడం. ఈ లక్షణానికి ముందు అనుమానించాల్సింది ట్యాంకుకి గాలి వెళ్లే దారి. పెట్రోల్ తగ్గే కొద్దీ ఆ ఖాళీలోకి గాలి రావాలి, దానికి చిన్న వాల్వు ఉంటుంది, కొన్నిటికి మూతలోనే, కొన్నిటికి ట్యాంకు పక్కనుంచి వచ్చే చిన్న రబ్బరు గొట్టం చివర. అది రంపపు పొట్టుతో మూసుకుపోతే ట్యాంకులో వ్యాక్యూమ్ పుడుతుంది, పంపు పొర ఎంత గుంజినా పెట్రోల్ రాదు. కాసేపు వదిలేస్తే గాలి మెల్లగా లోపలికి పాకుతుంది, మళ్లీ పడుతుంది. చూడటం చాలా ఈజీ, ఆగిన వెంటనే మూత కొంచెం వదులు చెయ్యండి, గాలి లోపలికి లాక్కున్న శబ్దం వచ్చి వెంటనే స్టార్ట్ అయితే దొరికినట్టే. ఒక్క జాగ్రత్త, వేడి మీద ఉన్న మిషన్ మూత తియ్యాలంటే నిలువుగా పెట్టి మెల్లగా తిప్పాలి, ఒక్కోసారి లోపల ఉండేది వ్యాక్యూమ్ కాదు ప్రెషర్, పెట్రోల్ మొహం మీదకి చిమ్ముతుంది, దగ్గర్లో బీడీ వెలిగించినవాళ్లు కూడా ఉండకూడదు. నాది తిప్పగానే సుయ్యిమంది, తాడు లాగితే రెండో లాగుడికి పట్టింది. వాల్వు విప్పి కడిగితే లోపల ఎండిన ఆయిల్, పొట్టు కలిసి ముద్దలా ఉంది. పైసా ఖర్చు లేకుండా సగం జబ్బు పోయింది, ముగ్గురు చెప్పినదాంట్లో ఇది లేనే లేదు.

మూత వదులు చేసినా తేడా లేకపోతే అప్పుడు కాయిల్ గురించి ఆలోచించాలి. వేడెక్కాక కాయిల్ లోపల వైరింగ్ తెగి చల్లారాక మళ్లీ కలవడం నిజంగానే జరుగుతుంది. తేల్చుకోవాలంటే ఆగిన క్షణంలోనే చూడాలి, పావుగంట తర్వాత చూస్తే స్పార్క్ బాగానే ఉంటుంది. ఇంకో ప్లగ్గు జేబులో పెట్టుకుని ఆగిన వెంటనే క్యాప్ దానికి తగిలించి, ఆ ప్లగ్గు బాడీని సిలిండర్‌కి ఆనించి తాడు లాగండి, ఇంజన్‌లో ఉన్న ప్లగ్గు విప్పొద్దు, విప్పితే ఆ రంధ్రంలోంచి పెట్రోల్ ఆవిరి వచ్చి స్పార్క్ దగ్గర అంటుకునే ప్రమాదం ఉంది. స్పార్క్ లేకపోతే వెంటనే కాయిల్ కొనేయకండి, స్విచ్ నుంచి కాయిల్‌కి వచ్చే సన్న వైరు ఎక్కడైనా ఒరుసుకుని ఇంజన్ బాడీకి తగుల్తోందేమో చూడండి, ఊపుకి తగిలినప్పుడల్లా స్విచ్ ఆపినట్టే ఇంజన్ ఆగుతుంది. ఆ వైరు ఒక్కసారి ఊడదీసి చూస్తే తెలిసిపోతుంది, అయితే అప్పుడు స్విచ్‌తో ఆగదు, చోక్ లాగి ఆపాలి, ఇది గుర్తుంచుకుని చెయ్యండి. కాయిల్‌కీ మాగ్నెట్‌కీ మధ్య గ్యాప్ 0.3 మిల్లీమీటర్ దగ్గర్లో ఉండాలి, ఒక విజిటింగ్ కార్డు మందం అన్నమాట, కార్డు మధ్యలో పెట్టి కాయిల్ బిగించి కార్డు లాగేస్తే సరిపోతుంది.

రేసు ఇవ్వగానే ఆగిపోయే మిషన్ వేరే కథ. స్లోలో చక్కగా కొట్టుకుంటూ ఉంటుంది, ట్రిగ్గర్ నొక్కగానే ముక్కు మూసుకున్నట్టు చచ్చిపోతుంది. ముందు చైన్ బ్రేక్ పడి ఉందేమో చూడండి, నవ్వొద్దు, కొత్తగా కొన్నవాళ్లలో చాలామంది ముందున్న ఆ అడ్డు రేకు ముందుకి తోసి ఉండగానే రేసిస్తారు, క్లచ్ పట్టేసి ఇంజన్ కూలబడుతుంది, ఇంకాసేపు అలాగే చేస్తే క్లచ్ కవర్లోంచి పొగ కూడా వస్తుంది. బ్రేక్ కాకపోతే సైలెన్సర్ లోపల ఉండే జాలీ చూడండి, మసితో మూసుకుపోయుంటే పొగ బయటికి పోదు. తర్వాత ఎయిర్ ఫిల్టర్, ఆ తర్వాత ట్యాంకులో ఫిల్టర్, వంచిన తీగతో గొట్టం పట్టి బయటికి లాగితే వచ్చేస్తుంది, నల్లబడితే మార్చేయడమే, కడిగి వాడే వస్తువు కాదు, చాలా తక్కువకి దొరుకుతుంది. గొట్టం బయటికి వచ్చినప్పుడే దాన్ని పొడవునా వేళ్లతో వంచి చూడండి, ట్యాంకు గోడ దాటే చోట సన్నటి పగుళ్లు ఉంటాయి, పెట్రోల్ కారదు గానీ గాలి పీలుస్తుంది. మానులో పెట్టినప్పుడు మాత్రమే కూలబడుతుంటే ఒక్కోసారి ఇంజన్ తప్పే ఉండదు, చైన్ మొద్దుబారితే మనం తెలీకుండానే బలంగా నొక్కుతాం, బార్‌కి (చైన్ తిరిగే పొడవాటి పట్టీకి) ఆయిల్ రాకపోతే చైన్ పట్టేస్తుంది. పొట్టు పిండిలా వస్తుంటే చైన్ మొద్దుబారినట్టు, చిన్న చిన్న పేళ్లలా వస్తుంటే పదునుగా ఉన్నట్టు.

నా మిషన్‌కి రెండో జబ్బు ఉందని నాకు ట్యాంకు వాల్వు బాగయ్యాకే తెలిసింది. ఇప్పుడు అరగంట నడుస్తోంది, కానీ నిలువు చెట్టు మొదలు కొయ్యడానికి పక్కకి తిప్పితే స్లోలో రేసు దానంతటదే పెరిగి, వెంటనే ఆగిపోతోంది. రేసు తనంతట పెరగడం మంచి సూచన కాదు, ఎక్కడో గాలి పీలుస్తోందని అర్థం. గాలి ఎక్కువై పెట్రోల్ తక్కువైతే మంట వేడి పెరుగుతుంది, టూ స్ట్రోక్ ఇంజన్‌కి ఆయిల్ వచ్చేది పెట్రోల్‌తోనే కాబట్టి అదీ తగ్గుతుంది, పిస్టన్ సైలెన్సర్ వైపు నిలువు గీతలు పడి సీజ్ అవుతుంది. అందుకే ఈ లక్షణం కనిపిస్తే ఆ రోజుకి కోత ఆపేసి వెతకడం మంచిది.

ప్లగ్గు విప్పి చూస్తే ఇంకో వింత, గాలి లీకైతే ప్లగ్గు తెల్లగా ఉండాలి, నాది నల్లగా తడిగా ఉంది. లేత గోధుమ రంగు ఉంటే పెట్రోల్, గాలి మిక్చర్ సరిగ్గా ఉన్నట్టు, తెల్లగా ఉంటే పెట్రోల్ తక్కువ, నల్లగా తడిగా ఉంటే ఎక్కువ. రెండు లక్షణాలూ ఒకేసారి ఎలా వస్తాయా అని ఒక పూటంతా ఆలోచించి, చివరికి కార్బరేటర్ మీద ఉండే హెచ్, ఎల్ స్క్రూలు (హెచ్ రేసులో, ఎల్ స్లోలో పెట్రోల్ ఎంత వెళ్లాలో సర్దేవి) ఎన్ని చుట్లు తెరిచి ఉన్నాయో లెక్కపెడుతూ మెల్లగా మూసి చూశాను. మామూలుగా ఒకటి నుంచి ఒకటిన్నర చుట్టు ఉండాల్సింది, రెండున్నర దాటి ఉన్నాయి. అప్పుడు అర్థమైంది, ఇంతకు ముందు ఎవరో గాలి లీకు ఉండగానే ఆగిపోతోందని పెట్రోల్ పెంచుకుంటూ పోయారు. లీకు మూసుకున్న పొజిషన్‌లో పెట్రోల్ ఎక్కువై ప్లగ్గు నల్లబడుతోంది, మిషన్ వంచగానే లీకు తెరుచుకుని గాలి ఎక్కువవుతోంది. స్క్రూ ముందు తిప్పొద్దని నేను మొత్తుకునేది ఇందుకే.

లీకు ఎక్కడుందో పట్టుకోవడానికి షాపుల్లో సైలెన్సర్ దారి, కార్బరేటర్ దారి రబ్బరుతో మూసి అర బార్ ప్రెషర్ దాకా గాలి కొట్టి, సబ్బు నీళ్లు పూసి బుడగలు చూస్తారు, తర్వాత అదే గాలి బయటికి లాగి కూడా చూస్తారు, ఎందుకంటే కొన్ని ఆయిల్ సీల్స్ (క్రాంక్ షాఫ్ట్ రెండు చివర్ల ఉండే రబ్బరు రింగులు) తోస్తే ఆపుతాయి, లాగితే వదిలేస్తాయి. ఇదే సరైన పద్ధతి. నా దగ్గర ఆ సామాను లేదు, కార్బరేటర్ విప్పి దానికీ సిలిండర్‌కీ మధ్య ఉండే రబ్బరు బూటుని టార్చి వెలుగులో సాగదీసి చూశాను, మడత లోపల గోరంత పగులు. మూసి ఉంటే కనిపించదు, వంచితే నోరు తెరుస్తుంది. ఈ చైనా మోడల్స్‌లో ఈ పార్టు తొందరగానే పోతుంది. కొత్తది 150 అయ్యింది, ప్యాకింగులతో కలిపి. ప్యాకింగ్ పెట్టేటప్పుడు ఒక్కటి చూసుకోవాలి, క్రాంక్ కేసు ఊపు వచ్చే సన్న రంధ్రం ప్యాకింగ్‌లో రంధ్రానికి సరిగ్గా ఎదురుగా ఉండాలి, తిరగేసి పెడితే ఆ దారి మూసుకుపోయి పంపు పొర అసలు ఆడదు, ఇక ఎన్ని లాగినా స్టార్ట్ అవ్వదు. అక్కడ అనాబాండ్ లాంటి పేస్టు కూడా పుయ్యొద్దు, పిండుకుని వెళ్లి ఆ రంధ్రంలోనే కూర్చుంటుంది.

కార్బరేటర్ ఎలాగూ చేతిలో ఉంది కాబట్టి కొత్త పొరలు, ప్యాకింగులు ఉండే కిట్ కూడా వేసేశాను. స్లో నిలబడకుండా ఆగిపోవడం, చోక్ సగం మీద తప్ప నడవకపోవడం, ఇవి ఎక్కువగా గట్టిపడిన డయాఫ్రమ్ వల్లే వస్తాయి. కొత్త పొర మెత్తగా వేళ్ల మధ్య చప్పుడు లేకుండా మడత పడుతుంది, పాతది చిప్స్ ప్యాకెట్ కవర్‌లా చప్పుడు చేస్తుంది, అంతే తేడా. విప్పే ప్రతి మెట్టులో ఫోన్‌తో ఫోటో తీసుకోండి, ఎందుకంటే ఒక పక్క ముందు ప్యాకింగ్ తర్వాత పొర ఉంటే రెండో పక్క వరస వేరుగా ఉంటుంది, తారుమారైతే పని చెయ్యదు. పంపు వైపు మూత కింద దోమతెర కన్నా సన్నటి జాలీ ఒకటి ఉంటుంది, చాలా కార్బరేటర్లు అది మూసుకుపోయే చస్తాయి. జెట్లలో సూదులు గుచ్చొద్దు, రంధ్రం సైజు మారిపోతుంది. క్లీనర్ స్ప్రే చాలు. నీడిల్‌ని పట్టుకుని ఉండే చిన్న లివర్ పాతది ఎంత ఎత్తులో ఉందో కొత్తది కూడా అంతే ఎత్తులో పెట్టాలి, ఎత్తు ఎక్కువైతే పెట్రోల్ పొంగుతుంది, తగ్గితే అందదు.

ఇదంతా అయ్యాకే స్క్రూడ్రైవర్. ఎల్, హెచ్ రెండూ మెల్లగా మూసి (గట్టిగా బిగిస్తే సూది మొన పాడవుతుంది) ఒకటింపావు చుట్టు తెరిచాను. మిషన్ నేల మీద పెట్టి, వెనక హ్యాండిల్ కాలితో తొక్కి స్టార్ట్ చేసి ఐదు నిమిషాలు వేడెక్కనిచ్చి, ముందు ఎల్ స్క్రూ, ట్రిగ్గర్ నొక్కగానే తడబడకుండా రేసు అందుకునే చోటు చూసుకోవాలి. కుడివైపు తిప్పితే పెట్రోల్ తగ్గుతుంది, ఎడమవైపు తిప్పితే పెరుగుతుంది. టి అని రాసున్నది స్లో స్క్రూ, ఇంజన్ నిలబడాలి గానీ చైన్ అస్సలు తిరగకూడదు, స్లోలో చైన్ తిరిగే మిషన్‌తో చెట్టు దగ్గరకి వెళ్లొద్దు. ఆఖరున హెచ్. ఇక్కడ చెవి పెట్టి వినాలి. ఫుల్ రేసులో గాలిలో ఉన్నప్పుడు శబ్దం కొంచెం గరగరగా ఉండి, మానులో పెట్టగానే సాఫీ అయితే అది సరైన చోటు. గాలిలోనే కీచుమని సన్నగా అరుస్తుంటే పెట్రోల్ తక్కువ, ఆ అరుపు విని మిషన్ బాగా లాగుతోందని మురిసిపోయేవాళ్లని చూశాను, వాళ్ల పిస్టన్లు ఎక్కువ రోజులు ఉండవు. మానులో కూడా గరగర పోకపోతే ఎక్కువైనట్టు.

మా బావ చెప్పిన పిస్టన్ సంగతి కూడా చూడకుండా వదల్లేదు, నిజానికి కొనే ముందే చూడాల్సింది అదే. సైలెన్సర్ రెండు బోల్టులు విప్పితే ఆ రంధ్రంలోంచి పిస్టన్ కనిపిస్తుంది, తాడు మెల్లగా లాగుతూ టార్చి వేసి చూడండి, నిలువు గీతలు లోతుగా ఉంటే ఆ మిషన్ వదిలెయ్యండి. కంప్రెషన్ గేజ్ ఉంటే ట్రిగ్గర్ పూర్తిగా నొక్కి ఐదారు సార్లు లాగితే 150 పీఎస్ఐ దగ్గర్లో వస్తే చాలా బాగున్నట్టు, 120 ఉన్నా పని జరుగుతుంది, 100 కిందకి పడితే చల్లగా ఉన్నప్పుడు పట్టి వేడి మీద పట్టదు. గేజ్ లేకపోతే తాడు పిడి పట్టుకుని మిషన్‌ని కొంచెం పైకెత్తండి, ఆగి ఆగి మెట్లు దిగినట్టు దిగితే కంప్రెషన్ ఉన్నట్టు, జర్రున జారిపోతే లేనట్టు. అమ్మేవాళ్లు ముందే వేడి చేసి పెట్టి చూపించినా, చల్లటి మిషన్ ఒక్కసారి పట్టించి చూపించినా సరిపోదు, చల్లగా ఒకసారి, పది నిమిషాలు కోశాక ఒకసారి, పక్కకి తిప్పి స్లోలో ఒకసారి, ఈ మూడూ చూపించమని మొహమాటం లేకుండా అడగండి. నేను మొదటిది చూసి డబ్బులు ఇచ్చేశాను.

నాది 130 చూపించింది, గీతలు సన్నగా రెండు ఉన్నాయి, గోరు గీస్తే తగలట్లేదు. మొత్తం మీద బూటు, కార్బరేటర్ కిట్, ఫిల్టర్, ప్లగ్గు కలిపి 600 లోపే అయ్యింది. ఈ వేసవిలో మూడు ఎండు జీడి మాన్లు, పడిపోయిన కొబ్బరి ఒకటి కోశాను, మధ్యలో పెట్రోల్ అయిపోయినప్పుడు తప్ప ఆగలేదు. క్లచ్ వైపు ఆయిల్ సీల్ దగ్గర మాత్రం సన్నగా తడి కనిపిస్తోంది, సీల్స్ రెండూ తెప్పించి పెట్టాను, వానలు పడేలోపు క్లచ్ విప్పి మార్చాలి.